పరుల యింటి బండెడన్నము



ఏకచక్రపురవాసులు బకాసురునితో చేసికొనిన యేర్పాటు మన పిల్లలకు కూడ తెలిసినదే. దినమునకొక యింటివారు బండెడన్నమును, రెండు దున్నపోతులను, ఒక మనుష్యుని కొండకు పంపవలెననియు, పంపుచున్నంతకాలము రాక్షసుడు ఊరిమీద పడరాదనియు ఒడంబడిక. ఈ కథ చెప్పుకొనునప్పుడెల్ల మనము, భీముడు బండి తోలుకొనిపోయి ఆ యన్నమును తానే ఆరగించిన ఘట్టమున నవ్వుకొని, అక్కడినుండి ద్వంద్వయుద్ధమునకు పరుగెత్తుదుము గాని, నా మనస్సు మాత్రము భీముడింకను రాని నాటి ఆ పట్టణము చుట్టునే తిరుగుచుండును. అక్కడ అంగళ్లు తెరచియే యుండెను. పెండ్లిండ్లు జరుగుచునే యుండెను. తన వంతు రానంతవరకు ప్రతి గృహస్థుడును ఆ ఒడంబడికను లోకజ్ఞానము గల పెద్దలు కుదిర్చిన మంచి బేరముగనే యెంచియుండవలెను. వంతు వచ్చిన యింట మాత్రమే ఏడ్పు వినవచ్చినది. ఆ యేడ్పును విన్నది ఆ యింట తలదాచుకొనిన పరదేశి కుంతియే గాని పొరుగువారు కారు.

ఇరువదవ శతాబ్దమున బ్రిటను, ఫ్రాన్సు ప్రభుత్వములు జపాను సైనికాధిపతులయెడను, ముస్సోలినీయెడను, హిట్లరుయెడను నడపిన బుజ్జగింపు నీతి నేటి ప్రసంగవిషయము. అది పిరికితనమా, వివేకమా యని పండితులు ఎనుబదియేండ్లుగా వాదించుకొనుచున్నారు. ఆ వాదము నాకంత రుచింపదు. నేను తెలిసికొనదలచినది వేరు: బండిలోని యన్నము ఎవరి యింటిది, బండి తోలినవాడెవడు, తుదకు ఆ లెక్క ఎవరి పద్దున వ్రాయబడినది? ఈ ప్రశ్న నడుగుచు పోయినచో త్రోవ జెనీవా, మ్యూనికు నగరములతో ఆగక, బర్మాలోని రంగము (రంగూను) రేవు మీదుగా విశాఖపట్టణమునకు వచ్చి, అక్కడినుండి నేను మాటలాడుచున్న అరిజోనా రాష్ట్రపు చాండ్లరు నగరమునకు దక్షిణమున నున్న యెడారివరకు సాగును.

మన నీతికారులు సామ దాన భేద దండములని ఉపాయములు నాలుగు చెప్పిరి గాని, దండమునకు మారుగా దానమును చెప్పలేదు. నాలుగవది చేతనుండగా మొదటి మూటిని వినియోగించుట రాజనీతి. అది లేక దానమొక్కటియే చేయుట కప్పము. అదియునుగాక దానమనునది తన బొక్కసమునుండి తీసి యిచ్చునది. పరుల పొలమును, పరుల కోటను, పరుల రహదారిని పత్రముపై వ్రాసియిచ్చి, దానివలని శాంతిని తన పేరిట జమకట్టుకొనుట ఏ శాస్త్రమునను కానరాదు. 1931 మొదలు 1940 వరకు నడచిన వ్యవహారమంతయు అట్టిదే.

1931 సెప్టెంబరు 18వ తేదీ రాత్రి ముక్డెను నగరసమీపమున రైలుపట్టాలచెంత చిన్న ప్రేలుడును తామే కల్పించి, దానిని చైనీయుల దుండగముగ ప్రకటించి, జపాను సేనాధికారులు మంచూరియాను ఆక్రమించిరి. జెనీవాయందలి నానాజాతిసమితి విచారణసంఘమును పంపెను. దానికధ్యక్షుడు, అంతకు కొన్నియేండ్ల క్రిందట బెంగాలు గవర్నరుగ పనిచేసిన లిట్టను ప్రభువు. ఆయన దూరదేశములు తిరిగి, సాక్ష్యములు విని, నిష్పాక్షికమైన నివేదికను సమర్పించెను. 1933 ఫిబ్రవరి 24వ తేదీన 42 దేశములు దానిని ఆమోదించినవి. జపాను ఒక్కటియే కాదనెను. జపాను ప్రతినిధి మత్సువోకా సభనుండి లేచిపోయెను. అంతే. లేచిపోయినవానిని వెనుకకు పిలిచిన వారుగాని, మంచూరియాను విడువుమని అతనికెదురు నిలిచిన వారుగాని లేరు. రెండేండ్లు గడచునప్పటికి, 1935 అక్టోబరున, ముస్సోలినీ అబిసీనియాపై దండెత్తెను. ఇటలీకి కొన్ని వస్తువులు అమ్మరాదని సమితి కట్టడి చేసెను గాని ఆ పట్టికలో నూనె లేదు. సూయజు కాలువ మూయబడలేదు. రుసుము చెల్లించి ఇటలీ సైనికనౌకలు ఆ త్రోవనే పోయినవి. బ్రిటిషు మంత్రి హోరును, ఫ్రెంచి ప్రధాని లవాలును కూడి, అబిసీనియాలో పెద్దభాగమును ఇటలీకి రహస్యముగ కట్టబెట్టజూచి, సంగతి పత్రికలకు పొక్కగా అల్లరిపాలైరి. మరి యైదేండ్లకు, 1941లో, అదే ఇటలీ సేనలను తూర్పు ఆఫ్రికానుండి వెడలగొట్టుటకై కెరెను కొండలలో ప్రాణములొడ్డినవారిలో భారతీయసైన్యపు 4వ, 5వ డివిజనుల సిపాయీలు ముఖ్యులు. నూనె ఆపినచో అయిపోవు పని నెత్తుటితో చేయవలసి వచ్చినది. ఆ నెత్తురు హోరుగారిది కాదు, లవాలుగారిది కాదు.

మ్యూనికు కథ మీకు తెలిసినదే గనుక విస్తరింపను. 1938 సెప్టెంబరు నెలలో బ్రిటిషు ప్రధాని చేంబర్లేను, అరువదితొమ్మిదేండ్ల వృద్ధుడు, హిట్లరును దర్శించుటకు ముమ్మారు విమానమెక్కెను. నడుమ 27వ తేదీన ఆయన రేడియోలో ప్రసంగించుచు, ఎక్కడనో దూరదేశమున, మనకేమియు తెలియని జనులు తమలో తాము తగవులాడుకొనుచుండగా మనమిక్కడ కందకములు త్రవ్వుకొనవలసి వచ్చుట ఎంత విపరీతమని వాపోయెను. నేనును నేడు రేడియోయందే మాటలాడుచున్నాను కావున ఆ ప్రసంగమును తలచుకొనక తప్పదు. ఆయన దురుద్దేశముతో అట్లనలేదు. వినినవారిలో పెక్కురి మనస్సులో నున్న మాటయే అనెను. కాని దూరమున నున్నవాని గూర్చి మనకు తెలియకపోవుట వాని యింటిని దానము చేయుటకు అధికారమిచ్చునా?

29వ తేదీన మ్యూనికులో చేంబర్లేను, ఫ్రెంచి ప్రధాని దలాదియే, హిట్లరు, ముస్సోలినీ, నలువురును కూర్చుండి చెకొస్లొవేకియా సరిహద్దు ప్రాంతమును జర్మనీకి ఒప్పగించుచు వ్రాత ముగించునప్పటికి అర్ధరాత్రి దాటి గంటకు పైగా అయినది. ఆ దేశప్రతినిధులిరువురును ఆ నగరముననే యుండిరి. సభలో గాదు, హోటలుగదిలో. అంతయు ముగిసినపిదప వారిని పిలిపించి పటము చూపిరి. వారిలో నొకడైన మసారిక్ అను విదేశాంగశాఖోద్యోగి తన నివేదికలో, ఆ సమయమున చేంబర్లేను దొర పలుమారు ఆవులించుచుండెనని వ్రాసిపెట్టెను. పాపము, ఆ వృద్ధునికి నిద్రలేదు, అది నిజమే. కాని పది లక్షల సేనను సమకూర్చుకొని కొండకోటలలో కాచుకొనియున్న యొక దేశముయొక్క కోటలన్నియు ఆ యావులింతల నడుమ చేయిమారినవి.

ఆ విందులో చేయి కడుగుకొనిన పొరుగువారిని మనము తరచుగా మరతుము. పోలండు ఆ అక్టోబరులోనే టెషెను ప్రాంతమును తన పాలు తీసికొన్నది. హంగరీ తన వంతు తాను పుచ్చుకొన్నది. 1939 మార్చి 15న హిట్లరు ప్రాగు నగరమును పట్టుకొనగా, ఐరోపాలో పేరుమోసిన స్కోడా ఆయుధశాలలు అతని వశమైనవి. 1940 మే నెలలో ఫ్రాన్సును తొక్కివేసిన జర్మను టాంకుదళములలో కొన్ని చెకొస్లొవేకియాలో తయారైన టాంకులతోనే నడచినవి. పోలండు వంతు అంతకు ముందే, 1939 సెప్టెంబరు 1న, వచ్చెను. టెషెను పుచ్చుకొని ఏడాది నిండలేదు.

చేంబర్లేను పక్షమున చెప్పదగినది లేకపోలేదు. 1938లో బ్రిటనుకు క్రొత్త యుద్ధవిమానములు లెక్కకు చాలినన్ని లేవు. రాడారు గోపురములు పూర్తికాలేదు. మ్యూనికువలన దొరకిన పదునొకండు నెలలే 1940లో లండనును కాపాడినవని వాదించువారు గలరు. వారి మాట కొట్టివేయదగినది కాదు. కాని కాలము ఇరుపక్షములకును సమానముగనే గడచును. బ్రిటను విమానములు కట్టుకొనుచుండగా జర్మనీ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పైగా చెకొస్లొవేకియా కోటలు, సేనలు, కర్మాగారములు ఒక తట్టునుండి మరియొక తట్టునకు పోయినవి. ఆ 1938 ఆగస్టులోనే జవహర్లాలు నెహ్రూ ప్రాగు నగరమునకు పోయి ఆ ప్రజల సంకటమును కన్నులార చూచి, చేంబర్లేను విధానమును బహిరంగముగ ఖండించెను. అంతకు రెండేండ్ల క్రిందట, రోమునగరమున ముస్సోలినీ తనను చూడగోరినను నిరాకరించి వచ్చినవాడాయన. మన దేశమునకప్పుడు ఐరోపా వ్యవహారములలో మాట లేదు. మాట లేనివారికే ఒక్కొక్కప్పుడు చూపు స్వచ్ఛముగ నుండును గాబోలు.

ఇప్పుడు తెలుగువారి వంతు వచ్చినది. ఈ భాగమును నేను కొంచెము తీరికగ చెప్పెదను. ఏలయనగా బుజ్జగింపును గూర్చి వ్రాసిన గ్రంథములలో ఇది దాదాపుగ కానరాదు.

చైనాలోని పెద్దరేవులను జపాను పట్టుకొనిన పిమ్మట, ఆ దేశమునకు బయటి ప్రపంచమునుండి సరకు పోవుటకు మిగిలిన ముఖ్యమైన త్రోవలలో బర్మా రోడ్డు ఒకటి. లాషియోనుండి కున్మింగువరకు 700 మైళ్లకు మించి, కొండలను లోయలను దాటుచు, చైనా గ్రామీణులు లక్షలకొలది చేరి, ఆడువారు పిల్లలు కూడ గంపలతో మన్ను మోసి, చేతులతో రాళ్లు పగులగొట్టి 1938 నాటికి దానిని నిర్మించిరి. అయితే ఆ రోడ్డు మొదలు లాషియో కాదు. సరకు ఓడలలో వచ్చి దిగునది రంగములో. అక్కడినుండి రైలులో లాషియో చేరును. రంగము రేవులో ఓడనుండి ఆ పెట్టెలను దింపినవారెవరు? మన శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి మండలముల కూలీలు.

వారిని బర్మావారు కోరంగీలనిరి. కాకినాడ, విశాఖ, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో ఓడ డెక్కుమీద చోటు కొనుక్కొని, మేస్త్రీల వద్ద ముందుగ తీసికొనిన అప్పు మెడకు చుట్టుకొని, రంగము పోయి ధాన్యపు మిల్లులలోను, రేవులోను, రిక్షాల కాడి క్రిందను శరీరమును అరగదీసికొని, నాలుగు రూకలు మిగిల్చి ఇంటికి పంపినవారు వారు. 1931 జనాభా లెక్కలలో రంగము నగరవాసులలో సగమునకు పైగా భారతీయులే. వారిలో తెలుగువారు పెద్దపాలు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టగా, యజమానులు బర్మావారిని పనిలోనికి దింపి, సమ్మె ముగిసిన వెంటనే వారిని పొమ్మనిరి; ఆ కోపమంతయు తెలుగువారిమీదికి తిరిగి వీధులలో హత్యలు జరిగినవి. పిమ్మటను మనవారు ఆ రేవును విడువలేదు. విడిచి ఎక్కడికి పోగలరు?

1940 జూను నెలలో ఫ్రాన్సు కూలిపోయినది. బ్రిటను ఒంటరిగ మిగిలినది. ఆ సమయము చూచి జపాను, బర్మా రోడ్డును మూయుమని లండనును బెదిరించెను. మ్యూనికును పార్లమెంటులో నిలిచి నిర్భయముగ ఖండించిన చర్చిలు దొరయే అప్పుడు ప్రధానమంత్రి. ఆయన జూలై 18వ తేదీనుండి మూడు నెలలపాటు ఆయుధములు, మందుగుండు, పెట్రోలు, లారీలు, రైలుసామగ్రి ఆ త్రోవను చైనాకు పోకుండ మూసివేయుటకు ఒప్పుకొనెను. బుజ్జగింపు ఒక పిరికి మనుష్యుని స్వభావదోషమని నమ్ముచున్నవారు ఈ యొక్క సంగతిని నెమ్మదిగ ఆలోచింపవలెను. గడ్డుకాలమున ధీరుడును పొరుగువాని బండియే తోలును. చర్చిలుకు వేరు దారి యుండెనని నేను గట్టిగ చెప్పజాలను. డంకర్కునుండి ఆయుధములు వదలుకొని తిరిగివచ్చిన సేనతో రెండు సముద్రములలో ఇరువురు శత్రువులను ఎదుర్కొనుట ఆనాడు ఆయనకు శక్యము కాకపోవచ్చును. నేను చెప్పునది ఇంతే: మూసిన రోడ్డు చైనాది; ఆ మూడు నెలలును జపాను ఊరక కూర్చుండలేదు. సెప్టెంబరులో ఫ్రెంచి ఇండోచైనా ఉత్తరభాగమున కాలుపెట్టెను. 27వ తేదీన జర్మనీ, ఇటలీలతో త్రిపక్షసంధి చేసికొనెను. అక్టోబరు 18న బ్రిటను రోడ్డును మరల తెరచునప్పటికి, బుజ్జగింపవలసిన రాక్షసుడు ముందుకన్న బలిసి, ఇంకొంత దగ్గరకు వచ్చి కూర్చుండెను.

అమెరికా చేసినదేమి? 1937 డిసెంబరులో నాన్‌కింగు చెంత యాంగ్‌ట్సీ నదిలో పనే అను అమెరికా యుద్ధనౌకను జపాను విమానములు ముంచివేసినవి. జపాను క్షమాపణ చెప్పి, 22 లక్షల డాలర్లకు పైగా పరిహారము కట్టెను; వ్యవహారము ముగిసినది. చైనా నగరములపై బాంబులు వేయుచున్న విమానములకు కావలసిన నూనెలో అధికభాగము అమెరికాదే. తుక్కు ఇనుము అమెరికాదే. 1940 సెప్టెంబరువరకు ఇనుము పోవుచునే యుండెను. 1941 జూలైలో జపాను దక్షిణ ఇండోచైనాలోనికి దిగినపిమ్మట గాని నూనె ఆగలేదు. ఆ నూనె నాపుటయే జపానును పెర్లు హార్బరుకు తరిమినదని చెప్పువారున్నారు. అందులో సత్యము గలదు. కాని పదేండ్లు ఇచ్చుచు వచ్చి, ఇచ్చినదానితో అవతలివాడు కండలు పెంచుకొనినపిదప ఒక్కసారిగ చేయి బిగించినచో వాడు ఊరకుండునా? 1941 డిసెంబరు 7న మునిగిన నౌకలలో ఒకదాని పేరు మన రాష్ట్రపు పేరే. అరిజోనా నౌకపై 1,177 మంది చనిపోయిరి.

ఆ నెల 23వ తేదీ పగటివేళ జపాను విమానములు రంగము మీదికి వచ్చినవి. చైనాకు పోవలసిన అమెరికా సరకు రేవులో గుట్టలుగ పడియున్నది. ఆకసమున మెరయు విమానములను వింతగ చూచుటకు జనము వీధులలోనికి వచ్చిరి. దాగవలెనని వారికి చెప్పినవారు లేరు, చెప్పినను దాగుటకు చోటు లేదు. ఆ యొక్క దినమున వేయిమందికి పైగా మరణించిరి. రెండు దినములకు, క్రిస్మసునాడు, విమానములు మరల వచ్చినవి. కూలీలు రేవు విడిచి ప్రోము రోడ్డు పట్టిరి. రేవు ఆగినచో యుద్ధమే ఆగునని ప్రభుత్వమువారు వారిని నచ్చజెప్పి వెనుకకు త్రిప్పుటకు యత్నించిరి. ఆ కూలీ విలువ దొరలకు తెలిసివచ్చినది అప్పుడు. 1942 మార్చి మొదటివారము గడచునప్పటికి రంగము జపాను వశమైనది.

ఆ వసంతకాలమున నాలుగైదు లక్షల భారతీయులు బర్మానుండి కాలినడకను బయలుదేరిరి. ప్రోమునుండి టాంగుపు కనుమ మీదుగా అరకాను తీరమునకు కొందరు, తమూ మీదుగా మణిపురమునకు కొందరు, వానలు పట్టినపిదప ఉత్తరమున హుకాంగు లోయగుండ మరికొందరు. టాంగుపు త్రోవలో నీరు లేదు, నీరున్నచోట కలరా. తెల్లవారు నడచుటకు ఒక త్రోవయు, నల్లవారికి మరియొక త్రోవయు ఏర్పరచిరన్న అపవాదు ఆనాడు దేశమంతట మారుమ్రోగినది. దారిలో ఎందరు పడిపోయిరో లెక్క కట్టినవాడు లేడు. వేలకొలది యని మాత్రము అందరును ఒప్పుకొందురు. ముక్డెనునుగాని మ్యూనికునుగాని వారెన్నడును వినియుండరు. జెనీవాలో ఓటు లేదు, లండనులో ఓటు లేదు, తమ ఊళ్లలోనే వారిలో పెక్కురికి ఓటు లేదు.

వారి వెంట యుద్ధమును వచ్చెను. 1942 ఏప్రిలు 5, ఈస్టరు ఆదివారమునాడు కొలంబోపై బాంబులు పడినవి. మరునాడు, సోమవారము, రియూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. బంగాళాఖాతమున ఆ కొన్ని దినములలో 20కి పైగా వర్తకనౌకలు మునిగినవి. విశాఖలో బాబూ రాజేంద్రప్రసాదు సింధియా కంపెనీ నౌకాశాలకు శంకుస్థాపన చేసి అప్పటికి పదినెలలైనను కాలేదు. పట్టణము ఖాళీయైనది, బండ్లు కట్టుకొని జనము లోపలి గ్రామములకు తరలిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భవనములు సైన్యమునకు పోగా, కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నుండిన ఆ విద్యాసంస్థ గుంటూరుకు తరలి యుద్ధము ముగియువరకు అక్కడనే తలదాచుకొనెను. ఆ దాడిలో పేలక మిగిలిన బాంబును నేటికిని విశాఖ మ్యూజియములో చూడవచ్చును. పరుల తగవని చేంబర్లేను దొర రేడియోలో చెప్పిన నాటినుండి మూడున్నరయేండ్లకు ఆ తగవు మన సముద్రతీరమునకు వచ్చి చేరినది.

ఇక చాండ్లరుకు వచ్చెదము. మన తెలుగువారు చిప్పుల కర్మాగారములను చూచి ఇక్కడికి వచ్చిరి. ఇంటెలు కంపెనీ ఈ నగరమున 1980లో అడుగుపెట్టినది. ఆ కంపెనీవారి ఒకోటియో ఆవరణ నిలిచిన దక్షిణప్రాంతమున, మొదటి ప్రపంచయుద్ధకాలములో గుడ్‌ఇయరు కంపెనీవారు టైర్ల నేతకై పొడుగుపింజ ప్రత్తిని పండించిరి, విదేశపు ప్రత్తి యుద్ధమువలన కరవైనందున. మన విద్యార్థులు చదువుకొను అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు (ఏ.ఎస్.యూ.) పాలిటెక్నికు ఆవరణ యున్న తావు 1941లో వెలసిన విలియమ్సు సైనిక విమానక్షేత్రము. యుద్ధము ఈ యెడారికి ఎప్పుడును దూరముకాదు. కాని నేను చెప్పదలచినది వీనిని గూర్చి గాదు. టక్సను పోవు ఐ-10 రహదారిలో అర్ధగంట పోయినచో పడమటితట్టున వచ్చు గీలా నది శిబిరమును గూర్చి.

1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్టు అధ్యక్షుడు సంతకము చేసిన 9066వ ఉత్తరువు ననుసరించి, పడమటితీరమందలి జపాను సంతతివారిని, వారిలో మూడింట రెండుపాళ్లు అమెరికాలో పుట్టిన పౌరులైనను, ఇండ్లనుండి లేవదీసి శిబిరములలో నుంచిరి. ఆ శిబిరములలో నొకటి ఇక్కడ, పీమా తెగవారి భూమిలో, ఆ తెగ పెద్దలు అభ్యంతరము చెప్పుచుండగనే కట్టబడినది. 1940 లెక్కలలో చాండ్లరు జనసంఖ్య 1,239. శిబిరమున 13,000కు మించి జనము. తెల్లని గోడలు, ఎండను ఆపుటకై ఎఱ్ఱని రెండువరుసల కప్పులు గల కొట్టములు, దుమ్ము. కాలిఫోర్నియాలో తోటలు పెంచిన చేతులు ఆ యెడారిలోను కూరలు పండించి ఇతర శిబిరములకు కూడ పంపినవి. ఏ సైన్యమునకు పోలికగ నున్నారని తమను బంధించిరో ఆ సైన్యముతో పోరాడు సిపాయీలకే వారు మరుగుతెరల వలలు అల్లిరి. జెనిమూరా అను బేస్‌బాలు ఆటగాడు ముళ్లపొదలు కొట్టించి ఆటస్థలము సిద్ధపరచెను. 1945 ఏప్రిలులో శిబిరపు పాఠశాల జట్టు టక్సను హైస్కూలు జట్టును 11-10 పరుగులతో గెలిచినది. చాండ్లరులో కైరీను రోడ్డున నున్న నోజోమి పార్కు ఆ శిబిరవాసుల జ్ఞాపకార్థమే. సాయంకాలము మన పిల్లలు అక్కడ ఆడుకొనుచుందురు.

అదే పీమా తెగలో పుట్టిన ఐరా హేసు 1945 ఫిబ్రవరిలో ఈవోజిమా కొండపై జెండా నిలిపిన ఆరుగురిలో ఒకడు. అతని తెగ భూమి అడుగకుండ తీసికొనబడినది. ఆ భూమిలో బంధింపబడినవారిని కూడ ఎవరును అడుగలేదు. మంచూరియాను మ్రింగిననాడు మాటతో ఊరకుండిన ప్రభుత్వములు, తమకు తగిలిననాడు చేతికి దొరకిన బలహీనునిమీద చేయిచేసికొనినవి.

ఇంతవరకు విని, అయినచో ప్రతి తగవునందును కత్తి దూయవలెననియా నీ యభిప్రాయమని ఎవరైన అడుగవచ్చును. కాదు. మ్యూనికు పేరు చెప్పి తలపెట్టిన యుద్ధములు లోకమునకు తక్కువ కీడు చేయలేదు. 1956లో ఈడెను ప్రధాని ఈజిప్టు నాయకుడు నాసరులో ముస్సోలినీని చూచి సూయజుపై దండెత్తి, పదవి పోగొట్టుకొనెను. సూయజు కాలువ ఈజిప్టు దేశముననే యున్నదన్న సంగతి ఆయనకు అంతగ తోచలేదు. జాన్సను అధ్యక్షుడు మ్యూనికును తలచుకొనుచునే వియత్నాములోనికి లోతుగ దిగెను. ప్రతి పొగరుబోతును హిట్లరు కాడు. ప్రతి రాజీయు కప్పము కాదు. రెండు దేశములు తమ తమ సరిహద్దులలో తమవే నాలుగు బీడుభూములు మార్చుకొన్నచో అది ఇరుగుపొరుగు మర్యాద. ఇచ్చుచున్న వస్తువు ఎవనిదో వాడు గదిలో కూర్చుండి యున్నాడా, హోటలులో కాచుకొనియున్నాడా యన్నది నేను చూచు మొదటి గురుతు. పుచ్చుకొనువాడు, ఇదివరకు పుచ్చుకొనినపుడు ఇదియే ఆఖరని చెప్పెనా యన్నది రెండవది. హిట్లరు చెకొస్లొవేకియా సరిహద్దులోని ఆ సుడెటెను ప్రాంతమును కోరినపుడు ఐరోపాలో తనకదియే తుది కోరికయని బహిరంగసభలో చెప్పియుండెను.

యుక్రెయిను సంగతియు ఈ గురుతులతో చూడవచ్చును. 1994 డిసెంబరు 5న బుడాపెస్టులో ఆ దేశము తనవద్దనున్న అణ్వస్త్రములను వదలుకొని, అందుకు బదులుగ రష్యా, అమెరికా, బ్రిటనులనుండి తన సరిహద్దులను గౌరవింతుమన్న వ్రాత పుచ్చుకొనెను. 2014లో రష్యా క్రిమియాను కలుపుకొనెను. లోకము కొన్ని ఆంక్షలు విధించి, మిన్‌స్కులో రెండు ఒప్పందములు కుదిర్చి, రష్యా గ్యాసును కొనుచునే యుండెను. 2022 ఫిబ్రవరి 24న పూర్తియుద్ధము వచ్చెను. అక్కడి వైద్యకళాశాలలలో చదువుచున్న మన తెలుగుపిల్లలు సంచులు భుజమున వేసికొని, మంచులో పోలండు, రుమేనియా సరిహద్దులవరకు నడచిరి. చాండ్లరులోనే ఆ రాత్రులు నిద్రలేక ఫోను చేతబట్టి కూర్చుండిన బంధువులు కలరు. ఈమారు భారతప్రభుత్వము విమానములు పంపినది, పిల్లలు ఇల్లు చేరిరి; టాంగుపు కనుమలో నడచినవారికి ఆ భాగ్యము లేకపోయెను.

1988లో అమెరికా ప్రభుత్వము శాసనము చేసి, శిబిరములలో నుండి అప్పటికి బ్రతికియున్న ప్రతివారికిని 20,000 డాలర్లు చెల్లించి క్షమాపణ వేడుకొనెను. ఆలస్యమైనను అది పెద్దపనియే. పేరుపేరున పట్టికలుండుటచేత అది సాధ్యమైనది. రంగము కూలీలకు అట్టి పట్టిక లేదు. మేస్త్రీల అప్పుపుస్తకములలో తప్ప వారి పేర్లు వ్రాసిపెట్టినవారు అరుదు. వినుచున్నవారిలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ, గోదావరి ప్రాంతములవారు ఎందరో యున్నారు. మీ తాతముత్తాతలలో రంగము పోయివచ్చినవారు, పోయి రానివారు ఉండకపోరు. ఈ వారము ఇంటికి ఫోను చేసినపుడు, మిగిలియున్న పెద్దలను ఆ పేర్లు, ఊళ్లు, ఎక్కిన రేవు, నడచివచ్చిన త్రోవ అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, తేదీ వేసి ఉంచవలసినదిగ కోరుచున్నాను.